విడిపోయిన బ్యాండు మళ్లీ కలిసింది: టిక్కెట్టు చేతికి వచ్చేదాకా ఏం చేయాలి?

2009 ఆగస్టు 28న పారిస్‌లో ఇంగ్లండు రాక్ బ్యాండు ఒయాసిస్ పాడవలసి ఉంది. వేదిక ఎక్కే ముందు తెర వెనుక అన్నదమ్ములు నోయెల్ గాలఘర్, లియామ్ గాలఘర్ తగవు పడ్డారు. కచేరీ రద్దయింది. ఆ రాత్రే నోయెల్ బ్యాండును వదిలేశారు. ఆ తరువాత పదిహేనేళ్ల పాటు అభిమానుల నోట ఒకటే ప్రశ్న: మళ్లీ కలుస్తారా? 2024 ఆగస్టు 27న జవాబు వచ్చింది. నాలుగు రోజులు తిరిగేసరికి, ఆగస్టు 31 శనివారం ఉదయం, టిక్కెట్ల అమ్మకం మొదలైంది.

ఆ ఉదయం నేనూ ఆ క్యూలో ఉన్నాను. గుంటూరులో ఇంజినీరింగు చదివే రోజుల్లో ఒక సీనియరు ఇచ్చిన క్యాసెట్టుతో ఆ పాటలు నాకు పరిచయమయ్యాయి. ఉద్యోగం కోసం ఇంగ్లండు వచ్చి స్థిరపడ్డాక కూడా వదల్లేదు. అయినా ఆ రోజు నాకు టిక్కెట్టు దొరకలేదు. దాదాపు పది నెలల తరువాత, 2025 జూన్‌లో, అసలు ధరకే దొరికింది. ఆ రెండు రోజుల మధ్య నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. రేపు మీ ప్రాణంలాంటి బ్యాండు ఏదైనా మళ్లీ కలిస్తే ఇది మీకు పనికి వస్తుంది. అమ్మకం రోజున అందరూ ఒకేలా పరుగెత్తుతారు. తేడా అంతా దానికి ముందు వారం చేసుకున్న ఏర్పాట్లలోనూ, ఆ తరువాత నెలల తరబడి పట్టిన ఓపికలోనూ ఉంటుందని నా నమ్మకం.

పోటీ ఎంతో లెక్క వేసుకోండి

మామూలు కచేరీకీ పునఃకలయిక కచేరీకీ పోలిక లేదు. మామూలు బ్యాండు ఈ ఏడాది కాకపోతే రెండేళ్లకు మళ్లీ వస్తుంది. విడిపోయి కలిసినవాళ్లు మళ్లీ ఎప్పుడు విడిపోతారో ఎవరికీ తెలియదు. అందుకే పాత అభిమానులు, వాళ్ల పిల్లలు, ఒక్కసారైనా చూడాలనుకునేవాళ్లు అందరూ ఒకేసారి వచ్చి పడతారు. 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో లెడ్ జెప్లిన్ బ్యాండు ఒకే ఒక్క కచేరీకి కలిసినప్పుడు రెండు కోట్ల దరఖాస్తులు వచ్చాయి. ఆ హాలులో పట్టేది ఇరవై వేల మంది.

ఒయాసిస్ విషయానికి వస్తే, బ్రిటన్, ఐర్లండ్‌లలో ప్రకటించిన మొదటి 17 కచేరీలకు సుమారు 14 లక్షల టిక్కెట్లు ఉన్నాయి. 158 దేశాల నుంచి కోటి మందికి పైగా క్యూ కట్టారని నిర్వాహకులు తరువాత చెప్పారు. ఒక్కో ఇంటికి ఒక్కో కచేరీకి నాలుగు టిక్కెట్ల వరకు కొనవచ్చు. అందరూ నాలుగేసి కొన్నారనుకుంటే మూడున్నర లక్షల మందితోనే సరుకు ఖాళీ. కోటి మందిలో మూడున్నర లక్షలంటే దాదాపు ఇరవై ఎనిమిది మందిలో ఒకరు. ఈ లెక్క మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. మొదటి రోజు దొరకకపోవడం మామూలు విషయమని తెలిస్తే, ఆ సాయంత్రం దుఃఖంలో తప్పుడు కొనుగోలు చేయరు.

మొదటి మెట్టు: ప్రకటన వచ్చిన రోజే పేరు నమోదు

చాలామంది అమ్మకం రోజును మాత్రమే గుర్తు పెట్టుకుంటారు. అసలు తలుపు అంతకు ముందే తెరుచుకుని మూసుకుంటుంది. ఒయాసిస్ ప్రకటన మంగళవారం ఉదయం వచ్చింది. ముందస్తు అమ్మకం లాటరీకి పేరు ఇవ్వడానికి గడువు బుధవారం రాత్రి 7 గంటలు. అంటే ఒకటిన్నర రోజే. ఆ దరఖాస్తులో ఒక ప్రశ్న కూడా అడిగారు: బ్యాండు తొలి డ్రమ్మరు ఎవరు? జవాబు టోనీ మెకారల్. లాటరీలో పేరు వచ్చినవాళ్లకు ఈమెయిలులో కోడ్ అందింది. శుక్రవారం రాత్రి 7 నుంచి 10 దాకా మూడు గంటలపాటు వాళ్లకు మాత్రమే అమ్మారు. శనివారం క్యూతో పోలిస్తే అది చిన్న గుంపు.

కాబట్టి ప్రకటన కనిపించగానే బ్యాండు అధికారిక సైటుకు వెళ్లి, ఈమెయిలు జాబితాలో చేరండి. పుకార్లు మొదలైనప్పుడే చేరితే ఇంకా మంచిది. ఈమెయిలు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. జాబితాలో ఇచ్చిన చిరునామా, టిక్కెట్ల సైటు ఖాతాలో ఉన్న చిరునామా ఒకటే అయి ఉండాలి. కోడ్ వచ్చే రోజుల్లో స్పామ్ ఫోల్డరు కూడా రోజుకు రెండుసార్లు తెరిచి చూడండి. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు ఉంటే నలుగురూ లాటరీకి పేరు ఇవ్వవచ్చేమో నిబంధనల్లో చదవండి. కొనేటప్పుడు మాత్రం ఇంటికి ఇన్నే అన్న పరిమితి దాటకూడదు. ఒకే చిరునామాకు, ఒకే కార్డుకు ఎక్కువ కొంటే తరువాత రద్దు చేసే హక్కు అమ్మకందారుకు ఉంటుంది.

కొన్నిసార్లు ఫోను కంపెనీలు, క్రెడిట్ కార్డు కంపెనీలు, స్టేడియాలు తమ ఖాతాదారులకు వేరేగా ముందస్తు అమ్మకం పెడతాయి. మీ చేతిలో ఉన్న కార్డులకు, ఫోను కనెక్షనుకు అలాంటి సౌకర్యం ఉందేమో ఒకసారి చూసుకోండి.

రెండవ మెట్టు: ఏ కచేరీ, ఎక్కడ, ఎంతకు

ఈ మూడింటికీ జవాబులు కాగితం మీద రాసుకోండి. క్యూలో మీ వంతు వచ్చాక ఆలోచించడానికి సమయం ఉండదు.

కచేరీ ఎంపికలో చాలామంది శుక్ర, శనివారాలే కోరుకుంటారు. ఒయాసిస్ వాళ్లు అమ్మకానికి రెండు రోజుల ముందు మరో మూడు కచేరీలు కలిపారు: మాంచెస్టర్ హీటన్ పార్కులో 2025 జూలై 16, లండన్ వెంబ్లీలో జూలై 30, ఎడిన్‌బరోలోని మరేఫీల్డ్‌లో ఆగస్టు 12. మొదటి రెండూ బుధవారాలు, మూడవది మంగళవారం. ఆలస్యంగా కలిపిన, వారం మధ్యలో పడిన రోజులను నేనైతే జాబితాలో పైన పెడతాను. అప్పటికే శనివారానికి మనసు సిద్ధం చేసుకున్నవాళ్లు, సెలవు దొరకనివాళ్లు వాటి జోలికి రారు. ఒక్క రోజు సెలవు పెట్టగలిగితే అది మీకు కలిసి వస్తుంది. మొదటి ఎంపిక, రెండవది, మూడవది అని వరుసగా రాసుకోండి.

ఇక ధర. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే ఒయాసిస్ అమ్మకంలో అభిమానుల గుండెలు ఎక్కువగా మండినది దీని దగ్గరే. వెంబ్లీలో కూర్చునే సీట్లు 74.25 పౌండ్ల నుంచి 206.25 పౌండ్ల వరకు, నిలబడి చూసే టిక్కెట్టు 151.25 పౌండ్లు అని ముందు ప్రకటించారు. గంటల తరబడి క్యూలో నిలిచి లోపలికి వెళ్లినవాళ్లకు మాత్రం, సుమారు 150 పౌండ్లు అనుకున్న నిలబడే టిక్కెట్టు 355 పౌండ్లకు పైగా కనిపించింది. అదే నేల, అదే గుంపు, అదే దూరం. కొందరు కొన్నారు. చాలామంది కన్నీళ్లతో వెనక్కి వచ్చారు.

గిరాకీని బట్టి కంప్యూటర్ క్షణక్షణం ధర పెంచిందని అప్పట్లో అందరూ అనుకున్నారు. బ్రిటన్‌లో వ్యాపార పోటీ, వినియోగదారుల వ్యవహారాలు చూసే సి.ఎం.ఎ. సంస్థ విచారణలో తేలింది వేరు. అలా క్షణక్షణం ధర మార్చే అల్గారిదం వాడినట్లు ఆధారం దొరకలేదు. నిలబడే టిక్కెట్లను ముందే రెండు ధరలకు విభజించి ఉంచారు. తక్కువ ధరవి ముందు అమ్మారు, అవి అయిపోగానే మిగతావి ఎక్కువ ధరకు వదిలారు. క్యూలో ఉన్నవాళ్లకు ఆ సంగతి ముందుగా తెలియజేయలేదు. దీనికి తోడు "ప్లాటినమ్" అనే పేరుతో కొన్ని టిక్కెట్లను మామూలు ధరకు దాదాపు రెండున్నర రెట్లు అమ్మారు. అదే భాగంలోని మామూలు సీటు కంటే అదనంగా ఏమీ లేకపోయినా ఆ పేరు చూసి మంచి సీటు అనుకున్నవాళ్లు ఉన్నారని సి.ఎం.ఎ. ఆందోళన వ్యక్తం చేసింది. 2025 సెప్టెంబరులో ఆ టిక్కెట్లు అమ్మిన టికెట్‌మాస్టర్ సంస్థ కొన్ని హామీలు ఇచ్చింది. ఇలా రెండు మూడు మెట్ల ధరలు ఉంటే 24 గంటల ముందే చెప్పాలి, క్యూలో ఉన్నప్పుడు కూడా ధరల వివరాలు చూపాలి.

దీని నుంచి మీరు చేయవలసిన పనులు రెండు. అమ్మకానికి ముందు రోజు అమ్మకందారు పంపిన ఈమెయిలు, సైటులోని ధరల పట్టిక పూర్తిగా చదవండి. ఒకే రకం టిక్కెట్టుకు రెండు ధరలు ఉంటే, తక్కువది అయిపోతే ఎక్కువది కొంటారా లేదా అన్నది ఆ రాత్రే తేల్చుకోండి. ఇంటి బడ్జెట్టులో నుంచి తీసే డబ్బు కాబట్టి ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. రుసుములతో కలిపి ఒక గరిష్ఠ అంకె కాగితం మీద రాయండి. తెర మీద కనిపించిన అంకె దానికి ఒక్క పౌండు తక్కువైతే కొనండి, పైన ఉంటే ఆ పేజీ మూసేయండి. ఇక "ప్లాటినమ్" లాంటి పేర్లు చూసి మోసపోకండి. ఆ సీటు ఏ బ్లాకులో, ఏ వరుసలో ఉందో పటంలో చూడండి.

ధరల పద్ధతి బ్యాండుకు సంబంధం లేని విషయమని మాత్రం అనుకోకండి. 2023లో ది క్యూర్ బ్యాండు అమెరికా పర్యటనకు గిరాకీ ధరలు వద్దని చెప్పి, తక్కువ ధరకే టిక్కెట్లు పెట్టింది. రుసుములు మరీ ఎక్కువ వేశారని గాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా అడిగితే, అమ్మకందారు కొంత డబ్బు అభిమానులకు తిరిగి ఇచ్చాడు. ఒయాసిస్ వాళ్లు కూడా బ్రిటన్‌లో వచ్చిన కోపం చూశాక ఉత్తర అమెరికా కచేరీలకు గిరాకీ ధరలు వాడలేదు. ప్రకటనలో ఈ మాట ఉందో లేదో వెతకండి. లేకపోతే అడగండి. అభిమానులు అడిగితేనే మారింది.

మూడవ మెట్టు: ఖాతా, కార్డు

నేను టిక్కెట్టు పోగొట్టుకున్నది ఇక్కడే. మధ్యాహ్నం దాటాక నా వంతు వచ్చింది. మాంచెస్టర్ కచేరీకి రెండు టిక్కెట్లు బుట్టలో పడ్డాయి. కార్డు వివరాలు కొట్టాను. నా బ్యాంకు ఆ చెల్లింపును అనుమానించి ఫోను యాప్‌లో అనుమతి అడిగింది. ఆ యాప్ చాలాకాలంగా అప్‌డేట్ చేయకపోవడంతో తెరుచుకోవడానికి నిమిషాలు పట్టింది. ఈలోపు బుట్ట గడువు ముగిసిపోయింది. ఇల్లు అలకగానే పండగ కాదని అమ్మ అనే మాట ఆ క్షణంలో గుర్తుకు వచ్చింది.

మీకు అలా జరగకుండా ఉండాలంటే అమ్మకానికి కనీసం మూడు రోజుల ముందు ఈ పనులన్నీ పూర్తి చేయండి. ఎన్ని సైట్లలో అమ్ముతున్నారో చూసి, అన్నిట్లోనూ ఖాతా తెరవండి. బ్రిటన్‌లో ఒయాసిస్ టిక్కెట్లను టికెట్‌మాస్టర్, గిగ్స్ అండ్ టూర్స్, సీ టికెట్స్ సైట్లలో అమ్మారు. ఖాతాలో కార్డు, చిరునామా, ఫోను నంబరు భద్రపరచండి. కార్డు గడువు తేదీ, రోజువారీ పరిమితి చూడండి. బ్యాంకు యాప్ తాజాగా ఉందో లేదో, వేలిముద్రతో తెరుచుకుంటుందో లేదో పరీక్షించండి. రెండో కార్డు పక్కన సిద్ధంగా ఉంచండి. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, అదే కార్డుతో అదే సైటులో ఏదైనా చిన్న కొనుగోలు ఒకటి చేసి చూడటం.

భారతీయ కార్డుతో కొనేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రిజర్వు బ్యాంకు 2020 నుంచి తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మూసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మీరే వాటిని తెరవాలి, పరిమితి కూడా పెంచాలి. విదేశీ మారకానికి బ్యాంకు వేసే రుసుము, పన్ను మీ గరిష్ఠ అంకెలో కలపండి. మాంచెస్టర్‌లోనో కార్డిఫ్‌లోనో చదువుకుంటూ ఇంటి దగ్గరి కార్డు వాడే మన విద్యార్థులు ఓటీపీ ఏ ఫోనుకు వస్తుందో ముందే చూసుకోవాలి. అది హైదరాబాదులో నాన్నగారి ఫోనుకు వస్తుందంటే, ఆయన ఆ సమయానికి ఫోను పట్టుకుని సిద్ధంగా కూర్చోవాలి. వేసవిలో బ్రిటన్ సమయం మన కంటే నాలుగున్నర గంటలు వెనుక. అక్కడ ఉదయం 9 గంటలంటే భారతదేశంలో మధ్యాహ్నం ఒకటిన్నర. ఐర్లండ్‌లో ఒయాసిస్ అమ్మకం ఒక గంట ముందే, 8 గంటలకు మొదలైంది. అంటే భారతదేశంలో పన్నెండున్నర.

క్రెడిట్ కార్డు వాడటానికి మరో కారణం ఉంది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షను ప్రకారం, 100 పౌండ్లకు మించి 30 వేల పౌండ్ల లోపు ధర ఉన్న వస్తువు లేదా సేవను అక్కడి క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాడు మాట తప్పినప్పుడు కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. లెక్క ఒక్కో టిక్కెట్టు ధర మీద ఉంటుంది, మొత్తం బిల్లు మీద కాదు.

నాలుగవ మెట్టు: అమ్మకం ఉదయం

గంట ముందే లాగిన్ అవ్వండి. వెయిటింగ్ రూమ్ పేజీ తెరుచుకోగానే అందులోకి వెళ్లండి. ఇక్కడ ఒక అపోహ ఉంది. తెల్లవారుజామున నాలుగింటికే కూర్చుంటే ముందు నంబరు వస్తుందని చాలామంది అనుకుంటారు. ఇలాంటి క్యూల్లో సాధారణంగా జరిగేది ఇది: అమ్మకం సమయానికి వెయిటింగ్ రూమ్‌లో ఉన్న అందరికీ కంప్యూటర్ యాదృచ్ఛికంగా వరుస నంబర్లు ఇస్తుంది. ఆ క్షణం తరువాత వచ్చినవాళ్లు వాళ్ల వెనుక చేరతారు. కాబట్టి నిద్ర మానుకోనక్కరలేదు, కానీ ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు.

నంబరు వచ్చాక పేజీని రిఫ్రెష్ చేయకండి. లక్ష మంది మీ ముందు ఉన్నారని కనిపించినా సరే. ఫోను, ల్యాప్‌టాప్, టాబ్లెట్ అన్నిట్లో ఒకే ఖాతా తెరవకండి. విజయవాడలో ఉన్న మా తమ్ముడు నాకు సాయం చేద్దామని నా ఖాతాతోనే అక్కడి నుంచి లాగిన్ అయ్యాడు. రెండు దేశాల నుంచి ఒకే ఖాతా కనిపించేసరికి ఆ సైటు నన్ను బాట్ (మనిషి బదులు టిక్కెట్లు కొనే కంప్యూటర్ ప్రోగ్రాం) అనుకుని బయటికి పంపింది. గంటన్నర నిరీక్షణ ఆవిరైపోయింది. ఆ రోజు నిజమైన అభిమానులు చాలామంది ఇలా బాట్‌లుగా ముద్ర వేయించుకున్నారు. ఒక్క ఖాతా, ఒక్క పరికరం, ఒక్క ట్యాబు. మీరు ఏ చోటు నుంచి చూస్తున్నారో దాచే విపిఎన్ ఉంటే ఆపేయండి. వందల మంది ఒకే ఇంటర్నెట్ వాడే ఆఫీసు, హాస్టలు కనెక్షన్లు కూడా అనుమానానికి తావిస్తాయి కనుక ఇంటి కనెక్షనో, మొబైల్ డేటానో మేలు. సాయం చేసేవాళ్లు ఉంటే తమ సొంత ఖాతాలతో, తమ సొంత కార్డులతో, వేరే సైటు క్యూలో నిలవాలి. ఎవరికి ముందు దొరికితే వాళ్లు మిగతావాళ్లకు వెంటనే ఫోను చేయాలి. లేకపోతే ఒకే ఇంటికి ఎనిమిది టిక్కెట్లు వచ్చి అన్నీ రద్దయ్యే ప్రమాదం ఉంది.

లోపలికి వెళ్లాక పటం మీద సీటు ఎంచుకోవడానికి ప్రయత్నించకండి. మీరు ఒక సీటు మీద నొక్కేలోగా అది వేరేవారి బుట్టలో పడుతుంది. దొరికిన వాటిలో మంచిది ఇమ్మని అడిగే మీట నొక్కండి. నాలుగు టిక్కెట్లు లేవంటే రెండుకు తగ్గించండి. రెండు లేవంటే ఒకటి. విడివిడిగా కూర్చుని చూసినా పాట అదే. మొదటి కచేరీ అయిపోయిందంటే ఆలోచించకుండా కాగితం మీది రెండవ ఎంపికకు వెళ్లండి.

అయిదవ మెట్టు: దొరకలేదు, ఇప్పుడేం చేయాలి?

ఆ రోజు సాయంత్రం ఏమీ కొనకండి. ఇది నా గట్టి మాట. లాటరీలో కొన్న టిక్కెట్లు శుక్రవారం రాత్రే వేరే సైట్లలో వేల పౌండ్లకు కనిపించాయి. సినిమా హాలు ముందు బ్లాకులో అమ్మేవాడి దగ్గర కనీసం చేతిలో కాగితం ఉండేది. ఇక్కడ అమ్మేవాడి దగ్గర టిక్కెట్టు ఉందో లేదో కూడా తెలియదు.

ఓపిక పడితే తలుపులు మళ్లీ తెరుచుకుంటాయి. ఒయాసిస్ వాళ్లు కొద్ది రోజుల్లోనే వెంబ్లీలో సెప్టెంబరు 27, 28 తేదీల్లో మరో రెండు కచేరీలు ప్రకటించారు. వాటికి మొదటి అమ్మకంలో ప్రయత్నించి దొరకనివాళ్లనే ఆహ్వానించి లాటరీ పెట్టారు. అంటే ఖాతాతో లాగిన్ అయి ఓడిపోవడం కూడా ఒక అర్హత అయింది. కాబట్టి ఆశ లేదనిపించినా క్యూ వదలకండి.

రెండో తలుపు కచేరీకి కొన్ని వారాల ముందు తెరుచుకుంటుంది. వేదిక, తెరలు, శబ్ద పరికరాలు ఎక్కడ పెట్టాలో తేలేదాకా నిర్వాహకులు కొన్ని సీట్లు అట్టే పెడతారు. కొలతలు ఖాయమయ్యాక అడ్డు లేని సీట్లను అసలు ధరకే వదులుతారు. ప్రకటన పెద్దగా ఉండదు. అధికారిక సైటు, బ్యాండు ఈమెయిళ్లు చూస్తూ ఉండాలి.

మూడోది, నాకు దక్కినది, అధికారిక తిరిగి అమ్మకం. రాలేనివాళ్లు తమ టిక్కెట్టును కొన్న ధరకే వేరొకరికి ఇచ్చే వేదిక ఇది. ఒయాసిస్ వాళ్లు ఇందుకు టికెట్‌మాస్టర్‌ను, ట్వికెట్స్‌ను మాత్రమే గుర్తించారు. ఇతర చోట్ల కొన్నవి రద్దవుతాయని హెచ్చరించారు. అలర్టు పెట్టుకోండి, కానీ అలర్టునే నమ్ముకోకండి. అది వచ్చేసరికి వందల మంది నొక్కి ఉంటారు. నేను రాత్రి భోజనం తరువాత పావుగంట, పొద్దున లేవగానే పది నిమిషాలు స్వయంగా చూసేవాడిని. జంట టిక్కెట్లు క్షణాల్లో మాయమయ్యేవి. ఒంటరి టిక్కెట్లు కాస్త నిలిచేవి. జూన్‌లో ఒక రాత్రి హీటన్ పార్కుకు ఒక్క టిక్కెట్టు కనిపించింది. అసలు ధర, పైన సైటు రుసుము. నొక్కాను, బ్యాంకు యాప్ ఈసారి వెంటనే తెరుచుకుంది. నా చేతులు వణికాయి. పక్క గదిలో నిద్రపోతున్న మా ఆవిడను లేపి చెప్పాను.

కచేరీ దగ్గర పడేకొద్దీ ఈ దారి ఇంకా బాగుంటుంది. జ్వరం, ఆఫీసు పని, రద్దయిన విమానం, ఏదో ఒక కారణంతో టిక్కెట్లు వెనక్కి వస్తుంటాయి. కచేరీ జరిగే ఊళ్లోనో, దగ్గర్లోనో ఉండేవాళ్లు ఆ రోజు మధ్యాహ్నం దాకా చూస్తూనే ఉండాలి. దింపుడు కళ్లం ఆశ అంటారే, ఇక్కడ అది నిజంగా ఫలించిన సందర్భాలు ఉన్నాయి.

ఆరవ మెట్టు: మోసాలకు దూరంగా

లాయిడ్స్ బ్యాంకు 2025లో విడుదల చేసిన లెక్కల ప్రకారం, ఒయాసిస్ టిక్కెట్ల మోసాల్లో దాని ఖాతాదారులు సగటున 436 పౌండ్లు పోగొట్టుకున్నారు. వాటిలో ఎక్కువ భాగం ఫేస్‌బుక్ ప్రకటనలతో, పోస్టులతో మొదలయ్యాయి. మోసగాడు ఎప్పుడూ ఒకే పాట పాడతాడు: "మా చెల్లెలికి బాగాలేదు, నేను వెళ్లలేను, అసలు ధరకే ఇస్తాను, ఇప్పుడే బ్యాంకు బదిలీ చేయండి." బ్యాంకు బదిలీ అడిగాడంటే అక్కడితో మాట ఆపేయండి. టిక్కెట్టు ఫోటో చూపించినా అది రుజువు కాదు. ఇప్పటి టిక్కెట్లు చాలావరకు యాప్‌లో ఉంటాయి, బార్‌కోడ్ కచేరీకి కొద్ది రోజుల ముందు మాత్రమే కనిపిస్తుంది, బదిలీ కూడా యాప్ ద్వారానే జరగాలి. మన తెలుగు సంఘాల వాట్సాప్ గుంపుల్లో కూడా ఇలాంటివి తిరుగుతుంటాయి. తెలుగువాడు కదా అని నమ్మి డబ్బు పంపకండి. నిజాయితీ ఉన్న మనిషి అధికారిక వేదికలో పెట్టి మీకు లింకు పంపడానికి వెనుకాడడు.

మీ సొంత టిక్కెట్టు ఫోటోను సంతోషంలో ఎక్కడా పెట్టకండి.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. ఐర్లండ్‌లో 2021 చట్టం ప్రకారం డబ్లిన్ క్రోక్ పార్కు లాంటి నిర్దేశిత వేదికల టిక్కెట్లను అసలు ధర కంటే ఎక్కువకు అమ్మడం నేరం. బ్రిటన్‌లోనూ అలాంటి నిషేధం తెస్తామని ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. భారతదేశంలో 2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే నవీ ముంబయి టిక్కెట్లు అమ్మినప్పుడు ఇదే దృశ్యం కనిపించింది: లక్షల మంది క్యూ, నిమిషాల్లో ఖాళీ, వెంటనే వేరే సైట్లలో లక్షల రూపాయల ధరలు. ఆ సైట్లతో తమకు సంబంధం లేదని బుక్‌మైషో ప్రకటించవలసి వచ్చింది. హైదరాబాదు, విశాఖ నుంచి ముంబయి, అహ్మదాబాదు కచేరీలకు వెళ్లేవాళ్లకు కూడా ఈ మెట్లన్నీ అలాగే వర్తిస్తాయి.

ఏడవ మెట్టు: ప్రయాణం

టిక్కెట్టు ప్రయత్నానికి ముందే ఉచితంగా రద్దు చేసుకోగల హోటలు గది పట్టుకోండి. ప్రకటన వచ్చిన గంటల్లోనే ఆ ఊళ్లో ధరలు లేస్తాయి. దొరకకపోతే రద్దు చేయడం మరవకండి, మరొకరికి పనికి వస్తుంది. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు వీసా సంగతి ముందే చూసుకోవాలి. కార్డిఫ్, ఎడిన్‌బరో, మాంచెస్టర్, లండన్ అన్నీ బ్రిటన్‌లోనివే కనుక ఒకే వీసాతో వెళ్లవచ్చు. డబ్లిన్ వేరే దేశం. బ్రిటన్‌లో చదువుతున్న విద్యార్థి కూడా ఐర్లండ్ నిబంధనలు చదివిన తరువాతే అక్కడి టిక్కెట్టు కొనాలి.

తిరుగు ప్రయాణం గురించి ముందే ఆలోచించండి. కచేరీ ముగిసేసరికి చివరి రైలు సమయం దగ్గర పడుతుంది, వేలమంది ఒకే స్టేషనుకు నడుస్తారు. హీటన్ పార్కుకు, మరేఫీల్డ్‌కు పక్కనే ట్రామ్ స్టాపులు ఉన్నాయి. సంచి ఎంత పెద్దది తీసుకురావచ్చో, పిల్లలకు నిలబడే భాగంలో ఏ వయసు నుంచి అనుమతో వేదిక సైటులో చూడండి. ఇవి వేదిక వేదికకూ మారతాయి.

అన్నీ చేసినా దొరకకపోతే, కచేరీ ఆరుబయట అయితే చుట్టుపక్కల నేల ఎలా ఉందో తెలుసుకోండి. 2025 జూలైలో హీటన్ పార్కు కచేరీలు జరిగిన రాత్రుల్లో కంచె బయట ఒక గడ్డి మిట్ట మీద టిక్కెట్టు లేనివాళ్లు వేలమంది చేరారు. జనం దానికి గాలఘర్ హిల్ అని పేరు పెట్టేశారు. దుప్పట్లు పరచుకుని, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. నాతోపాటు నెలల తరబడి ప్రయత్నించి టిక్కెట్టు దొరకని మా కడప స్నేహితుడు ఆ మిట్ట మీదే ఉన్నాడు. లోపల నేను పాడుతుంటే బయట అతనూ అదే పాట పాడుతున్నాడని కచేరీ తరువాత ట్రామ్ స్టాపులో కలిసినప్పుడు తెలిసింది. ఇద్దరికీ గొంతు పోయింది, సైగలతోనే మాట్లాడుకుంటూ ఇంటికి వచ్చాం.